సగం జీతం జీవో వచ్చిన రోజు ఏం చూడాలి, ఏం అడగాలి

2020 మార్చి 31 రాత్రి మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ పడింది. ఆంధ్రప్రదేశ్ ఆర్థిక శాఖ, జీవో ఎంఎస్ నంబర్ 26. కరోనా లాక్‌డౌన్‌తో ఆదాయం పడిపోయింది, జీతాల్లో కొంత భాగం ఇప్పుడివ్వం, తర్వాత ఇస్తాం అని. ముందు రోజే తెలంగాణలో 27వ నంబరు జీవో వచ్చి ఉంది కాబట్టి మనకీ ఏదో ఒకటి పడుతుందని అందరికీ తెలుసు, అయినా పీడీఎఫ్ కళ్ల ముందు పడేసరికి కడుపులో తిప్పినట్టయింది. జీతాల బిల్లులు చేసే సీటులో నేను కూర్చుంటాను కాబట్టి ఫోన్లన్నీ నాకే. "సగమేనా గురూ?" అని ఒకరు, "మళ్లీ ఇస్తారా, పోయినట్టేనా?" అని ఇంకొకరు, "సగం జీతంలోంచి లోన్ కటింగులు పూర్తిగా పట్టేస్తారా?" అని మా అటెండరు. ఆ మూడో ప్రశ్నే అసలు ప్రశ్న అని నాకు బిల్లు చేస్తున్నప్పుడు గానీ వెలగలేదు.

ప్రభుత్వాలకు డబ్బు ఇబ్బంది వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినపడతాయి. ఉద్యోగుల జీతాలు కోయండి అనేది ఒకటి. కోత కాదు, సంస్కరణలు కావాలి అనేది రెండోది. టీవీలో ఈ రెండిటి మీద గంటలు గంటలు అరుచుకుంటారు, మన జేబు సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. కాబట్టి జీవో చేతికొచ్చాక దాన్ని ఎలా చదవాలో, సంస్కరణ అన్న మాట వినపడితే దాన్ని ఎలా గీటురాయి మీద పెట్టాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. ఉద్యోగులకే కాదు, ఇంట్లో పెన్షనర్ ఉన్న ఎవరికైనా పనికొస్తుంది.

ముందు క్రియాపదం వెతకండి

జీవోలో శాతాలు తర్వాత చూద్దురుగానీ, ముందు ఏ మాట వాడారో చూడండి. వాయిదా వేస్తున్నాం అన్నారా, తగ్గిస్తున్నాం అన్నారా, ఫ్రీజ్ చేస్తున్నాం అన్నారా? మూడూ వేర్వేరు జంతువులు. వాయిదా అంటే ప్రభుత్వం మీ దగ్గర అప్పు తీసుకున్నట్టు, కాకపోతే మిమ్మల్ని అడగకుండా. తగ్గింపు అంటే పోయిన డబ్బు. ఫ్రీజ్ అంటే రావాల్సిన పెంపు రాకుండా ఆపడం, చేతికి వచ్చేది తగ్గదు కాబట్టి ఎవరికీ పెద్దగా నొప్పి తెలియదు.

2020లో రెండు తెలుగు రాష్ట్రాలూ చేసింది వాయిదా. తెలంగాణలో ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలకు 75 శాతం, ఐఏఎస్ ఐపీఎస్ లాంటి అఖిల భారత సర్వీసులకు 60 శాతం, మిగతా ఉద్యోగులకు 50 శాతం, నాలుగో తరగతి, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు 10 శాతం. ఆంధ్రలో ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలకు మొత్తం 100 శాతం, మిగతాది దాదాపు అదే లెక్క. పెన్షనర్లనూ వదల్లేదు. దీని మీద నిరసనలు, కేసులు, పేపర్లలో పతాక శీర్షికలు, అన్నీ అయ్యాయి.

అదే ఏడాది ఏప్రిల్ 23న కేంద్రం తన ఉద్యోగులకు, పెన్షనర్లకు ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. 2020 జనవరి, 2020 జూలై, 2021 జనవరి నుంచి రావాల్సిన మూడు విడతల డీఏ (కరువు భత్యం) ఆపేస్తున్నాం, 2021 జూన్ దాకా 17 శాతమే ఉంటుంది, ఆ కాలానికి ఎరియర్స్ ఇవ్వం అని. ఒక రోజు వార్త అయింది, అంతే. ఇప్పుడు కాగితం తీసుకుని లెక్క కట్టండి. ఆ మూడు విడతలూ వరసగా 4, 3, 4 శాతం. మొదటి ఆరు నెలలు నెలకు బేసిక్‌లో 4 శాతం పోయింది, తర్వాత ఆరు నెలలు 7 శాతం, ఆ తర్వాత ఆరు నెలలు 11 శాతం. 24, 42, 66 కలిపితే 132. అంటే పద్దెనిమిది నెలల్లో ఒక్కొక్కరికీ ఒక నెల బేసిక్ కన్నా దాదాపు మూడో వంతు ఎక్కువే పోయింది. బేసిక్ 40,000 ఉన్న మనిషికి 52,800 రూపాయలు. అది వాయిదా కాదు కాబట్టి మళ్లీ రాలేదు. 2021 జూలై నుంచి డీఏ ఒక్కసారిగా 28 శాతానికి వచ్చింది, వెనకటి సొమ్ముకు మాత్రం నీళ్లొదులుకున్నారు. దీనివల్ల ఖజానాకు మిగిలింది 34 వేల కోట్ల పైమాటేనని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది.

సగం జీతం ఆపితే రోడ్డెక్కినవాళ్లం, నెల జీతం కన్నా ఎక్కువ నిశ్శబ్దంగా పోతే టీ తాగుతూ "ఫర్లేదులే, జీతమైతే పూర్తిగా వస్తోంది కదా" అనుకున్నాం. నేనూ అనుకున్నాను, మా బావ కేంద్ర ఉద్యోగి, ఆయనతో అన్నాను కూడా. ఇప్పటికీ ఆయన ఆ మాట గుర్తుచేస్తుంటాడు.

అందుకని జీవో పైన ఒక పెన్సిలుతో రాసుకోండి: వాయిదా అయితే తిరిగిచ్చే తేదీ ఉందా? తగ్గింపు అయితే ఎన్నాళ్లు? ఫ్రీజ్ అయితే ఎత్తేశాక వెనకటిది కలుపుతారా, కలపరా? ఈ మూడిట్లో మీకు సంబంధించిన దానికి జవాబు జీవోలో లేకపోతే సంఘం వాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే, "దారుణం" "అన్యాయం" అన్న ప్రకటన తర్వాత ఇచ్చుకోవచ్చు.

సగం అంటే దేంట్లో సగం

ఇక్కడే మా అటెండరు ప్రశ్న. గ్రాస్ మీద సగమా, చేతికొచ్చే నెట్ మీద సగమా? ఒక ఉదాహరణ. గ్రాస్ 60,000, జీపీఎఫ్, జీవిత బీమా, వృత్తి పన్ను, సొసైటీ లోను అన్నీ కలిపి కటింగులు 15,000 అనుకుందాం. మామూలుగా చేతికొచ్చేది 45,000. నెట్‌లో సగం అంటే 22,500 వస్తుంది. గ్రాస్‌లో సగం ఆపి, మిగిలిన 30,000 లోంచి కటింగులు పూర్తిగా పట్టేస్తే వచ్చేది 15,000. ఒకే "50 శాతం", చేతికొచ్చేది మాత్రం 7,500 తేడా. లోన్లు ఎక్కువ ఉన్నవాడికి ఇంకా ఘోరం, కొందరికి సున్నా దగ్గరికి వచ్చేస్తుంది. కాబట్టి కటింగుల్లో ఏవి పూర్తిగా పడతాయి, ఏవి ఆపుకోవచ్చు, సీపీఎస్ (ఉద్యోగి చందా కట్టే కొత్త పెన్షన్) వాళ్లకు పది శాతం చందా పూర్తి జీతం మీదా, వచ్చిన సగం మీదా అన్నది మీ డీడీవో (జీతాల బిల్లు మీద సంతకం పెట్టే అధికారి) దగ్గర ముందే తేల్చుకోండి. నోటిమాట కాదు, వివరణ ఉత్తర్వు ఏదైనా వచ్చిందేమో అడగండి.

రెండో విషయం, అందరికీ ఒకే శాతమా, శ్లాబులా? ఐర్లండ్ కథ ఇక్కడ పనికొస్తుంది. 2008లో వాళ్ల బ్యాంకులు, రియల్ ఎస్టేట్ కుప్పకూలాక ఖజానా ఖాళీ అయింది. 2009 మార్చి నుంచి ముందు ప్రభుత్వ ఉద్యోగుల మీద పెన్షన్ లెవీ (పెన్షన్ పేరుతో జీతంలోంచి పట్టుకునే సొమ్ము) వేశారు, 2010 జనవరి నుంచి నేరుగా జీతాలే కోశారు. ఆ కోత మాత్రం మన ఇన్‌కం ట్యాక్స్ శ్లాబుల లాగ ఉండేది: ఏడాది జీతంలో మొదటి 30,000 యూరోల మీద 5 శాతం, తర్వాతి 40,000 మీద 7.5 శాతం, ఆ పైన 55,000 మీద 10 శాతం. అంటే 50,000 యూరోలు ఉన్నవాడికి 3,000 పోతాయి, మొత్తం మీద 6 శాతం. మన దగ్గర మాత్రం కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటుకీ, ఇరవై అయిదేళ్ల సర్వీసున్న డిప్యూటీ డైరెక్టరుకీ ఒకే 50 శాతం. చిన్న జీతగాడికి ఆ సగంలోనే అద్దె, పాలు, పిల్లల ఫీజు. పెద్ద జీతగాడికి పోయింది ఎక్కువగా పొదుపు. మీ సంఘం చర్చలకు వెళ్తుంటే "రద్దు చేయండి" అన్న డిమాండు పక్కన "రద్దు కాకపోతే శ్లాబులు పెట్టండి" అన్నది కూడా రాసి పట్టుకెళ్లండి. మొదటిది నెగ్గకపోయినా రెండోది నెగ్గొచ్చు.

ఏ చట్టం కింద?

మా నాన్న రిటైర్డ్ టీచరు. ఆ నెల పెన్షన్ సగమే పడిందని తెలిశాక పాస్‌బుక్ ముందేసుకుని ఒక మాట అన్నారు: "జీతమంటే నెల నెలా చేసే పనికిరా, ఇవాళ లేదు రేపిస్తామంటే ఏదో అనుకోవచ్చు. నేను పని చేయడం అయిపోయి పదకొండేళ్లయింది. దీన్ని వాయిదా ఎలా వేస్తార్రా?" ఆయనకు లా తెలియదు, కానీ కోర్టులో వాదన కూడా దాదాపు ఇదే దారిలో నడిచింది.

మన రాజ్యాంగంలో జీతాలు తగ్గించే అధికారం గురించి తెరిచి రాసిన చోటు ఒకటుంది, 360వ అధికరణం, ఆర్థిక ఎమర్జెన్సీ. అది ప్రకటిస్తే ప్రభుత్వ ఉద్యోగులవే కాదు, హైకోర్టు సుప్రీంకోర్టు జడ్జీల జీతాలు కూడా తగ్గించమని ఆదేశాలివ్వొచ్చు. అయితే ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని ప్రకటించలేదు, 1991లో బంగారం తాకట్టు పెట్టినప్పుడు కూడా లేదు. మరి అది లేకుండా ఒక జీవోతో సగం ఆపొచ్చా?

కేరళలో నెలకు ఆరు రోజుల జీతం చొప్పున అయిదు నెలలు ఆపుతామని ఉత్తర్వు ఇస్తే హైకోర్టు స్టే ఇచ్చింది, వెంటనే వాళ్లు ఆర్డినెన్సు తెచ్చుకున్నారు. తెలంగాణలోనూ ఏ చట్టం కింద ఆపారని హైకోర్టు నిలదీశాక జూన్ నెలలో ఆర్డినెన్సు వచ్చింది, విపత్తు సమయంలో 50 శాతం దాకా వాయిదా వేసే అధికారం దాంతో వచ్చింది, తర్వాత చట్టమైంది. ఆంధ్రలో విశ్రాంత జిల్లా జడ్జి ఒకరు హైకోర్టుకు వెళ్లారు. 2020 ఆగస్టులో కోర్టు ఆపిన జీతాలు, పెన్షన్లు 12 శాతం వడ్డీతో కట్టమంది. ప్రభుత్వం ఆ వడ్డీ మీదే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు తేల్చింది: జీతం, పెన్షన్ ఉద్యోగి హక్కు, దయాదాక్షిణ్యం కాదు, ఆలస్యానికి వడ్డీ కట్టాల్సిందే, అయితే కరోనా కష్టకాలాన్ని చూసి 12 కాదు 6 శాతం, ముప్పై రోజుల్లో కట్టండి అని.

ఆరు శాతం అంటే ఎంత? 30,000 పదకొండు నెలలు ఆగితే 1,650 రూపాయలు. అదే 30,000 నేను ఆ ఏప్రిల్‌లో బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను, అంతే కాలానికి 6,600 అయింది. వాయిదా అంటే నష్టం లేదు కదా అనేవాళ్లకు ఈ రెండంకెలూ చూపించండి.

కాబట్టి జీవో మొదటి పేరాలో ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇస్తున్నారో వెతకండి. అలాంటిదేమీ లేకుండా "ఆర్థిక పరిస్థితుల దృష్ట్యా" అని మాత్రమే ఉంటే ఆ జీవో కాళ్లు బలహీనం. అంటే రేపే కోర్టుకెళ్లమని కాదు, వ్యక్తిగతంగా వెళ్తే ఖర్చూ, తలనొప్పీ. సంఘం తరఫున లేదా పెన్షనర్ల తరఫున ఒక్క కేసు పడితే చాలు, తీర్పు అందరికీ వర్తిస్తుంది. ఆంధ్రలో అదే జరిగింది.

ఇంటి సంగతి గబగబా

ఈఎంఐలకు మారటోరియం (కొన్నాళ్లు కట్టకుండా ఆపుకునే వెసులుబాటు) ఉందా చూసుకోండి. 2020లో రిజర్వ్ బ్యాంకు ముందు మే నెలాఖరు దాకా, తర్వాత ఆగస్టు 31 దాకా ఇచ్చింది. కానీ మారటోరియం అంటే మాఫీ కాదు, వడ్డీ నడుస్తూనే ఉంటుంది, హోమ్ లోన్ మొదట్లో ఉన్నవాళ్లకు ఆరు నెలల మారటోరియం ఎన్నో అదనపు ఈఎంఐలై కూర్చుంటుంది. కట్టగలిగితే కట్టేయండి. ఎరియర్స్ వేరే ఆర్థిక సంవత్సరంలో పడితే పన్ను ఎక్కువ పడకుండా ఊరట ఉంటుంది, అప్పట్లో 89వ సెక్షన్ కింద రిటర్ను వేసే ముందే 10ఈ ఫారం నింపాల్సి వచ్చేది, చాలామంది రిటర్ను వేసేశాక గుర్తుతెచ్చుకుని లబోదిబోమన్నారు. చీటీలు పాడుకోవద్దు, ఆ నెల అందరూ పాడుకునే నెలే, రేటు మీ నెత్తిన కొడుతుంది.

ఇక "సంస్కరణ" అన్న మాట వచ్చినప్పుడు

కోత వద్దు సంస్కరణ కావాలి అనడం చాలా తేలిక, నేనూ సంఘం మీటింగుల్లో చప్పట్లు కొట్టినవాడినే. కానీ ఒక నిజం ఒప్పుకోవాలి: సంస్కరణ వల్ల ఈ నెల ఒకటో తారీఖున ఒక్క రూపాయి కూడా మిగలదు. మిగిలేది రెండు మూడేళ్ల తర్వాత. ఖజానాలో డబ్బు లేని నెలలో ఆర్థిక మంత్రికి సంస్కరణ గురించి చెప్పడం, ఆకలితో ఉన్నవాడికి కొబ్బరి మొక్క ఇవ్వడం లాంటిది. అలాగని కోత మీదే బండి నడుపుతామంటే అదీ కుదరదు. ఈ తేడా బాగా అర్థమయ్యేది మళ్లీ ఐర్లండ్‌లోనే.

కోతలు మొదలెట్టిన ఏడాదికి వాళ్లకు అర్థమైంది, ఇలాగే కోసుకుంటూ పోతే సమ్మెలు తప్పవు అని. 2010లో ప్రభుత్వం, యూనియన్లు కూర్చుని క్రోక్ పార్క్ ఒప్పందం చేసుకున్నాయి (క్రోక్ పార్క్ అనేది డబ్లిన్‌లో పెద్ద ఆటల స్టేడియం, చర్చలు అక్కడ జరిగాయి). ప్రభుత్వం ఏమంది? ఇంక జీతాలు కోయం, బలవంతంగా ఎవర్నీ తీసేయం. యూనియన్లు ఏమన్నాయి? బదిలీలు, పని పద్ధతుల మార్పులు, తక్కువమందితో నడపడం ఒప్పుకుంటాం, సమ్మెలు చేయం. నియామకాలు ఎలాగూ ఆపేశారు కాబట్టి 2008లో సుమారు 3 లక్షల 20 వేలున్న సిబ్బంది అయిదేళ్లలో 2 లక్షల 90 వేల దగ్గరికి దిగింది. తర్వాత 2013లో ఇంకో ఒప్పందంలో పని గంటలు పెంచారు, పెద్ద జీతాల మీద మళ్లీ కోత పడింది. 2014లో జబ్బు సెలవుల్లో పూర్తి జీతం వచ్చే కాలాన్ని సగానికి తగ్గించారు.

ఆ సంస్కరణల్లో నాకు బాగా నచ్చిన చిన్న ముక్క ఒకటుంది. ఐర్లండ్ సివిల్ సర్వెంట్లకు జీతం చెక్కు బ్యాంకులో మార్చుకోడానికని అరగంట విడిగా ఇచ్చేవారు. చెక్కులు పోయి జీతం నేరుగా ఖాతాలో పడటం మొదలై ఏళ్లు గడిచినా ఆ అరగంట మాత్రం అలాగే ఉండిపోయింది, సంక్షోభం వచ్చాక గానీ దాని మీద ఎవరి చెయ్యీ పడలేదు. చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత మా సీటు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. మేం బిల్లు ఆన్‌లైన్‌లో పెట్టాక, అదే బిల్లు ప్రింటు తీసి, సంతకాలు చేయించి, స్టాంపులు కొట్టి, ఒక మనిషికిచ్చి ట్రెజరీకి పంపిన ఏళ్లున్నాయి. ఎందుకని అడిగితే "హార్డ్ కాపీ ఉండాలి కదండీ". ఆ కాగితం కట్టలు ఎక్కడ పెట్టాలో తెలియక బాత్‌రూం పక్కన బీరువాలో కుక్కేవాళ్లం.

అందుకే ఎవరైనా సంస్కరణ అంటే నేను అడిగే మొదటి ప్రశ్న: ఏ పని ఆపేస్తున్నారు? పని ఏదీ ఆగకుండా మనుషుల్ని మాత్రం తగ్గిస్తే అది సంస్కరణ కాదు, రిటైరైన రామారావు గారి సీటు పని కూడా నా నెత్తిన పడటం. రెండో ప్రశ్న: మీ దగ్గర అసలు లెక్క ఉందా? గ్రీసులో సంక్షోభం వచ్చాక 2010 జూలైలో ప్రభుత్వ ఉద్యోగులను ఆన్‌లైన్‌లో లెక్కబెట్టాల్సి వచ్చింది, 7 లక్షల 68 వేలమంది అని తేలింది. అప్పటిదాకా తన దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారో ఆ దేశానికే సరిగ్గా తెలియదన్నమాట. మీ శాఖలో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, డిప్యుటేషన్ మీద వేరేచోట ఉన్నవాళ్లెంతమంది, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీకి కట్టేదెంత, అందులో పనిచేసే మనిషి చేతికొచ్చేదెంత, ఈ అయిదంకెలూ సమాచార హక్కు కింద అడగండి. అవి లేకుండా చేసే సంస్కరణ చీకట్లో కత్తెర ఆడించడమే.

మూడోది, సంస్కరణ పేరుతో వచ్చే మారువేషాలు. ఇవి నాలుగు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మన దగ్గర అన్నీ జరిగినవే.

కొత్తగా చేరేవాళ్ల మీద వేయడం అన్నిటికన్నా పాత ఎత్తు. ఉన్నవాళ్లు గొడవ చేస్తారు, ఇంకా చేరనివాడు గొడవ చేయలేడు. ఐర్లండ్‌లో 2011 జనవరి నుంచి కొత్తవాళ్లకు 10 శాతం తక్కువ జీతం పెట్టారు. ఒకే స్టాఫ్‌రూములో ఒకే పాఠం చెప్పే ఇద్దరు టీచర్లకు రెండు జీతాలు. ఆ పుండు ఏళ్ల తరబడి మానలేదు. మనకు దీని రుచి అంతకుముందే తెలుసు: 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లకు సీపీఎస్, ముందువాళ్లకు పాత పెన్షన్. ఆ రోజు సంతకాలు పెట్టినవాళ్లు, ఒప్పుకున్న సంఘ నాయకులు చాలావరకు పాత పెన్షన్ తీసుకుంటూ హాయిగా ఉన్నారు. కోపం కాదు, లెక్క చెబుతున్నాను.

రిటైర్మెంట్ వయసు పెంచడం ఇంకోటి. తెలంగాణ 2021లో 58 నుంచి 61కి, ఆంధ్ర 2022లో 60 నుంచి 62కి పెంచాయి. ఉద్యోగికి తీపి కబురులాగే ఉంటుంది. ఖజానా వైపు నుంచి చూస్తే అది కూడా ఒక వాయిదానే: గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి ముందే ఒకేసారి తీసుకునే సొమ్ము), లీవు ఎన్‌క్యాష్‌మెంట్ అన్నీ రెండు మూడేళ్లు వెనక్కి జరిగాయి. ఆ గడువు ఒకరోజు తీరుతుంది కదా. తెలంగాణలో 2024 మార్చి చివర్నుంచి రిటైర్మెంట్లు మళ్లీ మొదలయ్యాక బెనిఫిట్స్ అందక నెలల తరబడి తిరిగినవాళ్లు, కోర్టుకెళ్లినవాళ్లు ఎంతోమంది. పిల్లల పెళ్లికని దాచుకున్న లెక్క అది.

ప్రొబేషన్ సాగదీయడం మూడోది. ఆంధ్ర గ్రామ, వార్డు సచివాలయాల్లో 2019 అక్టోబర్‌లో చేరిన పిల్లలు 15,000 జీతం మీద రెండేళ్లలో రెగ్యులర్ అవుతామని చేరారు, స్కేలు చేతికొచ్చింది 2022 జూలై నుంచి. మధ్యలో పోయిన నెలలకు కోత అని ఎవరూ పేరు పెట్టలేదు.

ఇక పీఆర్సీ, అంటే కొన్నేళ్లకోసారి జరిగే జీతాల సవరణ. ఆంధ్రలో ఐఆర్ (మధ్యంతర భృతి) 27 శాతం ఇస్తూ వచ్చి, 2022 జనవరిలో ఫిట్‌మెంట్ (సవరణలో ఇచ్చే అసలు పెంపు) 23 శాతం అన్నారు, పైగా హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) తగ్గించారు. రివర్స్ పీఆర్సీ అన్న మాట అప్పుడే అందరి నోళ్లలో నానింది. ఫిబ్రవరి 3న ఛలో విజయవాడకు వచ్చిన జనాన్ని చూశాక 5వ తేదీన చర్చలు ముగిశాయి, హెచ్‌ఆర్‌ఏ కొంత సవరించారు, 23 మాత్రం 23గానే ఉండిపోయింది. మా బిల్లుల సీటులో ఆ రెండు వారాలు పాత స్కేలు బిల్లు చేయాలా, కొత్త స్కేలు బిల్లు చేయాలా అన్న టెన్షన్‌తోనే గడిచాయి.

మరి ఎప్పుడు ఏది ఒప్పుకోవచ్చు?

నా అభిప్రాయం చెబుతాను, తిట్టుకుంటే తిట్టుకోండి. లాక్‌డౌన్ లాంటిది వచ్చి రెండు మూడు నెలలు ఆదాయమే ఆగిపోతే వాయిదా ఒప్పుకోవచ్చు, కానీ మూడు షరతులతో: చట్టం ఉండాలి, తేదీ ఉండాలి, వడ్డీ ఉండాలి. తెలంగాణలో మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలు ఆపి జూన్ నుంచి పూర్తిగా ఇచ్చారు, ఆంధ్రలో జీతాలు రెండు నెలలు ఆగాయి. మన వీధి చివర టిఫిన్ బండి అతనికి ఆ రెండు నెలలూ సగం కాదు, మొత్తం పోయిందన్న సంగతి కూడా మర్చిపోకూడదు. మనం సగం పోయిందని ఏడుస్తుంటే వినేవాళ్లకు మంట రావడానికి కారణం అదే.

ఇబ్బంది ఏళ్ల తరబడి ఉండేదైతే మాత్రం కోత పనికిరాదు. కోత వల్ల ముందు పోయేది పనిమంతులు. ఐర్లండ్‌లో పాత జీతం మీద పెన్షన్ లెక్క కట్టే గడువు 2012 ఫిబ్రవరి 29తో ముగుస్తుందనగానే వేలమంది అనుభవజ్ఞులు ఒక్కసారిగా వెళ్లిపోయారు, వాళ్లలో నర్సులున్నారు, టీచర్లున్నారు. డబ్బు మిగిలిందేమో గానీ ఆ చేతులు మళ్లీ దొరకవు. పోర్చుగల్‌లో ఉద్యోగులకు, పెన్షనర్లకు రావాల్సిన పదమూడు, పద్నాలుగో నెలల జీతాలు ఆపితే, దేశం భారం మొత్తం ఒక్క వర్గం మీదే వేయడం సమానత్వానికి విరుద్ధమని 2012లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం తప్పుబట్టింది. కాబట్టి దీర్ఘకాలం ఇబ్బంది అని ప్రభుత్వం చెబితే క్రోక్ పార్క్ తరహా బేరం పెట్టండి: మీరు ఇది కోయరు, మేం ఇది మార్చుకుంటాం, రెండూ ఒకే కాగితం మీద, రెండిటికీ తేదీలతో. మన సంఘాలు ఇచ్చే వినతిపత్రాల్లో రెండో సగం ఎప్పుడూ ఉండదు, "మేం ఏం మార్చుకుంటాం" అన్నది. అది లేనంతకాలం టీవీ వాళ్లు మనల్ని పని చేయనివాళ్లనే అంటారు.

చివరగా కాగితం పని

జీవో వచ్చిన నెల నుంచే ఒక డ్యూ డ్రాన్ స్టేట్‌మెంట్ మీ అంతట మీరు రాసుకోండి, ఆఫీసు వేసేదాకా ఆగొద్దు. పొడుగు నోటుబుక్కు చాలు. నెల, రావాల్సింది, వచ్చింది, తేడా. రావాల్సిన దాంట్లో బేసిక్, డీఏ, హెచ్‌ఆర్‌ఏ విడివిడిగా రాయండి, ఎందుకంటే తర్వాత ఎరియర్స్ బిల్లులో తప్పు పడేది ఎప్పుడూ డీఏ దగ్గరే. మధ్యలో ఇంక్రిమెంటు పడితే ఆ తేదీ ఎర్ర ఇంకుతో. ప్రతి నెలా పే స్లిప్పు డౌన్‌లోడ్ చేసి ఫోన్లో కాదు, మీ మెయిల్‌లో పెట్టుకోండి, సైట్లు మారిపోతుంటాయి, పాత స్లిప్పులు మాయమవుతుంటాయి. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ ఎంట్రీ దగ్గర జీవో నంబరు రాయండి. రిటైర్మెంటుకు ఏడాది లోపు ఉన్నవాళ్లయితే, ఆపిన భాగం చివరి జీతం లెక్కలో తగ్గకుండా ఉందో లేదో సర్వీస్ రిజిస్టర్ తెరిపించి చూసుకోవాలి, సిగ్గుపడొద్దు, అది మీ పుస్తకమే.

ఎరియర్స్ విడతలుగా పడితే ఏ విడత ఏ నెలదో డీడీవో చేత రాయించుకోండి, తెలంగాణలో అలా విడతలుగానే వచ్చాయి, నాలుగో విడత దగ్గరకొచ్చేసరికి ఏది దేనికో తెలియక మా తోడల్లుడు రెండు రోజులు కొట్టుకున్నాడు.

ఇంకోటి, ఆ స్టేట్‌మెంటులో అయిదో గడి కూడా గీయండి: వడ్డీ. 2020 ఏప్రిల్‌లో నేను గీసినప్పుడు మా సూపరింటెండెంటు గారు చూసి "ఇదెందుకయ్యా, ఎవరిస్తారు?" అన్నారు. పది నెలల తర్వాత సుప్రీంకోర్టు తీర్పు వార్త వచ్చిన సాయంత్రం ఆయనే నా సీటు దగ్గరికొచ్చి, ఆ నోటుబుక్కు ఒకసారి ఇటివ్వవయ్యా అని అడిగి తీసుకెళ్లారు, గడులు చూసి రాసుకోడానికి.